సంచి పెట్టిన చోటు

ఆ ఆదివారం ఆరాధన మొదలవబోతుండగా, కండక్టర్ మావయ్య నీలం గుడ్డ సంచిని రెండు వేళ్లతో ఎత్తి, టికెట్టు కొనని ప్రయాణికుణ్ణి బస్సు దించినట్టు బెంచీ మీంచి దించి నేలమీద పెట్టాడు.

"సంచికి సీటు లేదు అక్కగారూ. అవతల మనుషులు వరండాలో నిలబడుతున్నారు" అన్నాడు.

గట్టిగానే అన్నాడు. ఆయన గొంతే అంత. ఉద్యోగమంతా కిక్కిరిసిన బస్సులో ముందు తలుపు నుంచి వెనక తలుపుకి వినబడేలా అరిచిన గొంతు, ఉద్యోగం మానేశాక కూడా దిగలేదు. చర్చిలో జనాన్ని కూర్చోబెట్టే బాధ్యత ఆయనకి అప్పగించాక, గుమ్మం దగ్గర నిలబడి "జరగండి, లోపలికి జరగండి, ముందంతా ఖాళీ" అంటుంటే చిన్నపిల్లలు టికెట్టు కోసం చెయ్యి చాపేవారు.

సంచి గలావిడ వంగి సంచి తీసుకుంది, అడుగున అంటిన దుమ్ము దులిపింది, ఒళ్లో పెట్టుకుని దానిమీద రెండు చేతులూ ఆనించింది. ఖాళీ అయిన చోట ఆలస్యంగా వచ్చిన ఒక భారీ పెద్దమనిషి కూలబడి, ప్రసంగం మొదలవకముందే కునుకు తీశాడు.

వెనక వరుసలో కూర్చున్న కొత్తమ్మాయి అది చూసి, తెరిచిన పాటల పుస్తకం మూసేసింది.

కొత్తమ్మాయి అంటే వడ్రంగి భార్య. పెళ్లయి రెండు నెలలు. వీధి వీధంతా ఆమెను అలాగే పిలిచేది. మరో కొత్తమ్మాయి ఈ వీధికి కాపురానికి వచ్చేదాకా ఆ పేరు తనదేనని ఆమెకు భలే సంతోషంగా ఉండేది. ఆమెకు ఈమధ్య అన్నీ సంతోషంగానే ఉంటున్నాయి. పొద్దున్నే తలుపు తీస్తే చెక్కపొట్టు వాసన సంతోషం. మొగుడి చెవి మీద పెన్సిలు సంతోషం. ఆదివారం అతను గాయకుల వరుసలో నిలబడి, పుట తిప్పే వంకతో తనవైపు చూసి తాళం తప్పడం మరీ సంతోషం. అలాంటి అమ్మాయికి ఆ పూట పాడబుద్ధి కాలేదు.

ఆ సంచి సంగతి చర్చిలో అందరికీ తెలుసు. అందుకే ఆవిడ సంచి పిన్ని. ప్రతి ఆదివారం అందరికన్నా ముందొచ్చి, మూడో వరుసలో నడవ పక్కన కూర్చుని, తన పక్క చోట ఆ సంచి పెడుతుంది. ఆ చోటు ఆవిడ భర్తది. ఆయనేమో ఆ చోట ఒక్కసారైనా కూర్చోలేదు. ఆవిణ్ణి స్కూటరు మీద గేటు దాకా తెచ్చి, దించి, ఆరాధన అయ్యేదాకా ప్రహరీ గోడ మీద కూర్చుంటాడు. ఎండైతే టోపీ, వానైతే గొడుగు. అందుకే ఆయన గోడ బాబాయి.

ఇంటికి నడిచి వెళ్తుంటే కొత్తమ్మాయి అడిగింది.

"మీరు చూశారా?"

"చూస్తూనే ఉన్నాగా. ఆ చూపుకే రెండో చరణం పోయింది" అన్నాడు వడ్రంగి.

"నన్ను కాదండీ. పిన్ని సంచి తీసి కింద పెట్టేశారు."

"మావయ్య తప్పేముందోయ్? చంటిపిల్లల తల్లులు వరండాలో నిలబడుతున్నారు."

"వాళ్లకి పిన్ని ఎప్పుడూ చోటిస్తుంది. తన చోటు. పోయిన నెల వాన రోజున ఆవిడ లేచి నిలబడింది, నేను చూశాను. సంచి మాత్రం కదల్లేదు."

"తను నిలబడి సంచిని కూర్చోబెట్టిందా? అదేం లెక్క?"

"అది లెక్క కాదండీ. అది..." కొత్తమ్మాయికి మాట దొరకలేదు. డిగ్రీలో తెలుగు ప్రత్యేకంగా చదివింది, అయినా దొరకలేదు. ఇల్లు వచ్చేసింది.

*

చర్చి బెంచీలకు మళ్లీ మెరుగు పెట్టాలని పెద్దలు ఆ వారమే తీర్మానించారు. ఇంటి పక్క షెడ్డులోకి బెంచీలు విడతలు విడతలుగా వచ్చి పడ్డాయి. వాటి వెనకే కండక్టర్ మావయ్య కూడా వచ్చాడు, చేతిలో అంకెల ఆకారంలో కోసిన రేకు ముక్కలతో.

"బెంచీకి ముగ్గురు. ఆనుకునే చెక్క మీద ఒకటి, రెండు, మూడు అని తెల్ల రంగుతో అచ్చు వెయ్యాలి. ఇక సంచులూ రుమాళ్లూ పరచడాలు ఉండవు. వచ్చినవాళ్లు వచ్చినట్టు నంబర్లో కూర్చుంటారు" అన్నాడు.

"దేవుడి సన్నిధిలో నంబర్లా మావయ్యగారూ?" అంది కొత్తమ్మాయి.

"దేవుడు తల వెంట్రుకలు కూడా లెక్కపెడతాడమ్మా. నేను సీట్లు లెక్కపెడితే తప్పొచ్చిందా?" అన్నాడాయన, తన బట్టతల తడుముకుంటూ. "నా విషయంలో ఆయనకి శ్రమ తక్కువలే."

ఆమెకు నవ్వొచ్చింది. ఆయన మీద కోపం నిలబెట్టుకోవడం కష్టమని అప్పుడే తెలిసింది.

విరిగిన కాళ్లూ వదులైన బిగింపులూ వడ్రంగి చూసుకునేవాడు. ఉప్పుకాగితం రుద్దడం, వార్నిష్ వెయ్యడం ఆమె నేర్చుకుని తన పని చేసుకుంది. ముతక కాగితంతో మొదలుపెట్టి నున్నటి కాగితానికి రావాలి. చెక్క నార ఎటు పోతే చెయ్యి అటే పోవాలి. అడ్డంగా రుద్దితే గీతలు పడి, వార్నిష్ వేశాక ఊరంతా చూసేలా బయటపడతాయి. తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, కుంచె ముంచి, డబ్బా అంచుకు రాసి, ఒక్క వాటున లాగాలి. వెనక్కి తిప్పకూడదు. "కుంచె వెనక్కి తిప్పితే మనసు మార్చుకున్నట్టు కనబడుతుంది" అని మొగుడు చెప్పాడు. ఆ మాట ఆమెకు ఎంత నచ్చిందంటే, పెళ్లిలో తాను కూడా ఒక్క వాటునే ఒప్పుకున్న సంగతి గుర్తుచేసింది. అతను సిగ్గుపడి సుత్తి ఎక్కడ పెట్టాడో మర్చిపోయాడు. సుత్తి అతని చేతిలోనే ఉంది.

అన్ని బెంచీలూ ఒకేలా ఉన్నాయి. కూర్చుని కూర్చుని మెరుగంతా పోయి, మనిషి కూర్చునే చోటల్లా చెక్క పాలిపోయింది. చివరి విడతలో మూడో వరుస బెంచీ వచ్చింది. దాని మీద దుమ్ము తుడుస్తుంటే ఆమె చెయ్యి మధ్యలో ఆగిపోయింది. రెండు చివర్లూ మిగతావాటిలాగే పాలిపోయి ఉన్నాయి. మధ్యలో సంచి అంత మేర, గుడ్డ తగలగానే, ముదురు తేనె రంగులో చెక్క తళుక్కుమంది. వంగితే ఆమె ముక్కు కనబడింది.

"ఏవండీ, ఒకసారి రండి."

వడ్రంగి వచ్చి వంగి చూశాడు. చెవి మీది పెన్సిలు జారి బెంచీ మీద పడింది. దాన్ని తియ్యకుండా, ఆ మెరుగు మీద అరచెయ్యి ఆనించాడు.

"ఇది మా నాన్న వేసిన మెరుగు. ఈ బెంచీలన్నీ ఆయన చేసినవే. మిగతా చోట్ల జనం కూర్చుని అరగదీశారు. ఇక్కడ మాత్రం..."

"ఇక్కడ మొన్నటిదాకా ఎవరూ కూర్చోలేదు. సంచి కూర్చుంది."

"ఇంత బాగా వేసేవాడన్నమాట" అన్నాడతను తనలో తనే అనుకుంటున్నట్టు. తరవాత గొంతు సవరించుకుని, "అయినా రుద్దెయ్యాలి. లేకపోతే అతుకు వేసినట్టుంటుంది" అన్నాడు.

"నేను రుద్దను."

అతను ఆమె మొహం చూశాడు. ఆ రెండు నెలల్లో ఆ మొహం అతనికి బాగానే తెలిసింది. పెన్సిలు తీసి చెవి మీద పెట్టుకున్నాడు.

"సరే. ఈ బెంచీ నీది" అన్నాడు.

*

ఆ మర్నాడు సంచి పిన్నే షెడ్డుకి వచ్చింది. ఒళ్లో పెట్టుకున్న సంచితోనే స్కూటరు దిగింది. గోడ బాబాయి బండికి స్టాండు వేసి, అలవాటుగా షెడ్డు బయట పిట్టగోడ మీద కూర్చున్నాడు.

"ఇక్కడ కూడా గోడేనా బాబాయ్? ఇది చర్చి కాదు, వడ్రంగి షెడ్డు. లోపలికి రండి" అంది కొత్తమ్మాయి.

"బెంచీలు లోపలున్నాయిగా తల్లీ. అవి ఎక్కడుంటే అక్కడ నాకు గోడే" అన్నాడాయన. జేబులోంచి కుట్టు మిషన్ షటిల్ ఒకటి తీసి, పాతగుడ్డతో దాని సందుల్లోని నూలుపోగులు లాగుతూ కూర్చున్నాడు. ఆయన కుట్టు మిషన్లు బాగుచేస్తాడు. ఆయన ఎక్కడ కూర్చున్నా సన్నగా మిషన్ నూనె వాసన వేస్తుంది. కుడికాలు తనంతట తనే తొక్కుడు చెక్క మీద ఉన్నట్టు ఆడుతుంటుంది.

"అది కాదు బాబాయ్, అసలు చర్చి లోపలికి ఎందుకు రారు?"

"పిలిస్తే వస్తాను."

"పిన్ని పిలుస్తూనే ఉందిగా."

"మీ పిన్ని నన్ను రోజంతా పిలుస్తుంది. భోజనానికి పిలుస్తుంది, కూరగాయలకి పిలుస్తుంది, బల్లిని తోలడానికి పిలుస్తుంది. ఆ ఇల్లు గలాయన పిలవాలిగా మరి." షటిల్‌ని వెలుతురుకి ఎత్తి ఒంటికన్నుతో చూశాడు. "పిలవని చోటికి వెళ్లి కూర్చోవడం నా వల్ల కాదు."

వెటకారం కాదది. ఏ భాగం అరిగిందో చెప్పినంత మామూలుగా చెప్పాడు. కొత్తమ్మాయి లోపలికి వచ్చేసింది.

సంచి పిన్ని అప్పటికే తన బెంచీని పోల్చుకుంది. మధ్యలో మెరుస్తున్న చోటు చూసి, ఏదో దొంగతనం బయటపడ్డట్టు చప్పున కొంగుతో నోరు మూసుకుని నవ్వింది.

"అయ్యో, ఇలా అచ్చు పడిపోయిందా? అందరికీ కనబడుతుందేమో."

"కనబడనీ పిన్నీ. నేను దాన్ని ముట్టుకోను."

"ముట్టుకుంటే మటుకు ఏంటమ్మా? ఇక నంబర్లు వస్తున్నాయట. కండక్టరుగారు అన్నదాంట్లో తప్పు లేదు. పాపం చంటిబిడ్డల తల్లులు..." అని ఆగిపోయింది. వేలితో ఆ మెరుగు అంచు వెంట మెల్లగా ఒక గీత గీసింది. "నేను దేవుణ్ణి పెద్ద పెద్దవేం అడగలేదు తల్లీ. మా ఆయన్ని ప్రసంగికుణ్ణి చెయ్యమనలేదు. పక్కన కూర్చోవాలి. ఒక్క పాటల పుస్తకం ఇద్దరం చెరోవైపు పట్టుకోవాలి. అంతే. మన ముందు వరుసలో మొగుడూ పెళ్లాలు అలా పట్టుకుంటే చూసి, చూసి, అదొక్కటీ అడిగాను."

"ఇన్నేళ్లలో విసుగు రాలేదా పిన్నీ?"

"రాకేం? విసుగొచ్చిన వారాలు బోలెడు. ఆ వారాలు కూడా సంచి పెట్టాను" అంది ఆవిడ. "దేవుడికి తొందర లేదు, నాకూ లేదు. మోకాళ్లకే కొంచెం తొందరగా ఉంది."

ఇద్దరూ నవ్వారు. బయట పిట్టగోడ మీంచి, "ఏమిటే ఆ నవ్వులు, నా మీదేనా?" అని వినిపించింది.

"మీ మీద నవ్వడానికి కొత్తగా ఏముంది?" అంది పిన్ని. లేచి, సంచి భుజాన వేసుకుంది. గుమ్మం దగ్గర తిరిగి చూసి, "పోనీలే. ఈ ఆదివారం నుంచి ఒళ్లో పెట్టుకుంటాను. ఒళ్లో పెట్టుకున్నా ఆయనకి తెలుస్తుందిలే" అంది.

ఆ ఆయన ఎవరో, గోడ మీది ఆయనో పైనున్న ఆయనో, కొత్తమ్మాయి అడగలేదు.

*

శనివారానికి బెంచీలన్నీ తిరిగి చర్చికి చేరాయి, ఆ ఒక్కటి తప్ప. మిగతావాటి సర్దుబాటుకి వడ్రంగి చర్చికి వెళ్తూ చెప్పాడు.

"దానికి రెండు పూతలు పడ్డాయి, చాలు. మబ్బు పట్టింది, ఇంకేం పుయ్యకు. సాయంత్రం వచ్చి పట్టుకెళ్తాం."

"అలాగే" అంది ఆమె. ఆ క్షణాన నిజంగానే అలాగే అనుకుంది.

అతను వీధి మలుపు తిరిగాక వచ్చి బెంచీ ముందు నిలబడింది. రెండు పూతలు వేసినా రెండు చివర్లూ మామగారి మెరుగు పక్కన వెలవెలబోతున్నాయి. మధ్యలో తేనె, అటూ ఇటూ పలుచటి టీ నీళ్లు. పిన్ని కూర్చునే చోటు కూడా అంత మెరవాలి కదా అనిపించింది. రేపటి నుంచి ఆవిడకి మిగిలేది ఆ ఒక్క చోటే. కుంచె దానంతట అదే చేతిలోకి వచ్చింది. ఒకటో నంబరు దగ్గర మందంగా ఒక పూత వేసింది. ఒకటి మెరిసి ఇంకోటి మెరవకపోతే బాగోదని మూడో నంబరు దగ్గరా వేసింది. మధ్యనున్న చోటు అంచు దాకా వచ్చి, ఊపిరి బిగబట్టి, కుంచె ఎత్తేసింది. ఒక్క చుక్క కూడా దాని మీద పడలేదు. పని అయ్యాక ఆ బెంచీ నిజంగా కొత్త పెళ్లికూతురిలా ఉంది.

సాయంత్రం వేలు ఆనించి చూస్తే అంటలేదు. మొగుడికి చెప్పలేదు. వాళ్లు మోసుకెళ్తుంటే, "చూశారా, ఎలా మెరుస్తోందో" అని మాత్రం అంది.

"మెరుస్తోంది" అన్నాడతను, బెంచీ వైపు చూడకుండా.

*

ఆదివారం ఆకాశం తెరపివ్వలేదు. కండక్టర్ మావయ్యకి మాత్రం పండగలా ఉంది. ఇస్త్రీ ప్యాంటు వేసుకుని గుమ్మంలో నిలబడి, "మీరు నాలుగో వరుస రెండు, మీరు ఆరో వరుస ఒకటి, జరగండి, జరగండి" అంటూ చర్చి నింపేశాడు. వరండాలో ఒక్కరూ నిలబడలేదు. చంటిపిల్లల తల్లులు హాయిగా ఆనుకుని కూర్చున్నారు. అదొకటి బాగానే ఉందని కొత్తమ్మాయి మనసులో ఒప్పుకుంది.

"నువ్వు మూడో వరుస రెండు" అన్నాడాయన ఆమెతో.

ఆమె మూడో వరుస వైపు చూసి ఆగింది. "మావయ్యగారూ, అది..."

"ఖాళీ ఉంచకూడదమ్మా. మూడో నంబరు నాది. రా."

సంచి పిన్ని ఒకటో నంబరులో ఉంది. ఒళ్లో సంచి. మోకాళ్లు పక్కకి తిప్పి దారిచ్చింది. "కూర్చో తల్లీ. పరాయిదానివా?" అంది. కొత్తమ్మాయి ఆ తేనెరంగు చోట ముళ్లమీద కూర్చున్నట్టు కూర్చుంది. ఆమెకు అవతల కండక్టర్ మావయ్య, పని పూర్తయిన మనిషిలా తృప్తిగా కూలబడ్డాడు.

పాస్టరుగారు నెమ్మదైన మనిషి. ఆ రోజు ఎదురుచూపు గురించి మాట్లాడారు. స్టేషన్లో రైలు కోసం చూసేవాడికి వేళ తెలుసు, బిడ్డ కోసం చూసే తల్లికి నెల తెలుసు, దేవుడి కోసం చూసేవాడికి ఏ వేళా తెలియదు, అందుకే వాడు ప్రతిరోజూ ముస్తాబై ఉంటాడు అన్నారు. కొత్తమ్మాయి పక్కకి చూసింది. పిన్ని ఎప్పటిలా ముస్తాబుగానే ఉంది. చేతులు మాత్రం సంచి పిడిని మెలితిప్పుతూ ఉన్నాయి. ఎదురుచూస్తూ చోటు ఉంచుకోవచ్చు. ఇప్పుడా చోటులో తనే కూర్చుని ఉంది. ప్రసంగమంతా ఆమె ప్రార్థన ఒక్కటే, ప్రభువా, నన్ను ఇక్కణ్ణుంచి లేపు.

ప్రసంగం అయ్యాక పాటకి నిలబడమన్నారు. అందరూ లేచారు. కొత్తమ్మాయి లేచింది. సంచి పిన్ని లేవబోయి, సగంలో ఆగి, మళ్లీ కూర్చుండిపోయింది. మూడో నంబరు నుంచి చర్రుమని చిన్న చప్పుడు వచ్చింది. కండక్టర్ మావయ్య లేచినంత వేగంగానే కూర్చుండిపోయాడు.

"అమ్మాయ్" అన్నాడాయన, జీవితంలో మొదటిసారి గుసగుసగా. "ఇది ఆరలేదు."

కొత్తమ్మాయికి చప్పున గుర్తొచ్చింది. మూడో పూత. పైన ఆరినట్టే ఉండి లోపల పచ్చిగా ఉండిపోయింది. అంతసేపు కూర్చున్న ఒంటి వేడికి కరిగి బట్ట పట్టుకుంది. గాయకుల వరుసలోంచి వడ్రంగి చూస్తున్నాడు. అతనికి ఆమె మొహం చూడగానే సంగతంతా తెలిసిపోయింది. పాట మధ్యలో ఈసారి నవ్వాపుకోలేక తాళం తప్పాడు.

పాస్టరుగారు కళ్లజోడు సర్దుకుని చూశారు. "నిలబడగలిగినవాళ్లు నిలబడి పాడండి. అంటుకున్నవాళ్లు కూర్చునే పాడవచ్చు. ప్రభువు ఏమీ అనుకోడు" అన్నారు.

"లాగెయ్యనా పిన్నీ?" అంది కొత్తమ్మాయి.

"వద్దమ్మా, చిరుగుతుంది. ఆయన్ని పిలు. గుడ్డ సంగతి ఆయనకే తెలుసు." అని, అంతలోనే, "వద్దులే, ఆయన రాడు" అంది.

కొత్తమ్మాయి అప్పటికే నడవలో పరుగెడుతోంది.

గోడ బాబాయి గొడుగు కింద కూర్చుని, లోపలి పాటకి కాలు ఆడిస్తున్నాడు.

"బాబాయ్, పిన్ని బెంచీకి అంటుకుపోయింది."

"అది ఎప్పుడో అంటుకుపోయిందిగా" అన్నాడాయన. తరవాత ఆమె మొహం చూశాడు. "నిజంగానా?"

"వార్నిష్. తప్పు నాదే. లేస్తే బట్ట చిరుగుతుంది."

ఆయన గొడుగు ముడిచాడు. గుమ్మం దాకా వచ్చి ఆగాడు. పట్టా మీద చెప్పులు తుడుచుకున్నాడు. జేబులోంచి గుడ్డ తీసి, నూనె చేతుల్ని ఒక్కొక్క వేలే తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. ఆపైన, బాగుచెయ్యాల్సిన మిషన్ ఉన్న ఇంట్లోకి వెళ్లినట్టు, తల వంచుకుని లోపలికి నడిచాడు. పాడుతున్న నోళ్లు కొన్ని తెరిచినవి తెరిచినట్టే ఉండిపోయాయి.

భార్య మోకాళ్లు దాటి లోపలికి వచ్చి, కండక్టర్ మావయ్యతో, "కాస్త జరుగు కండక్టరూ, పని చేసుకోవాలి" అన్నాడు.

"జరగలేను బాబూ" అన్నాడు కండక్టర్ మావయ్య.

వెనక వరుసలన్నీ గొల్లుమన్నాయి. కండక్టర్ మావయ్య కూడా కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వితే మళ్లీ చర్రుమంది.

కూర్చునే ముందు గోడ బాబాయి మధ్య చోటుని అరచేత్తో తడిమి చూశాడు. ఏ పనైనా ముందు చేత్తో చూసుకోవడం ఆయన అలవాటు. నడవలో నిలబడిన కొత్తమ్మాయి అది చూసింది. తడిమిన అరచేతిని వెలుతురులోకి తిప్పి చూసుకున్నాడు. అప్పుడు కూర్చున్నాడు.

పనిలో దిగాక ఆయనకి చర్చి కనబడలేదు. బట్ట అంచు రెండు వేళ్లతో పట్టుకుని, "లాగకూడదు. నేత ఎటు పోతే మనం అటు పోవాలి" అని గొణుగుతూ, జేబులోంచి తీసిన సన్నటి రేకుని గుడ్డకీ చెక్కకీ మధ్య దూర్చి, పోగు వెంట పోగు విడదీశాడు. పాట అయిపోయింది. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్లు మూసుకున్నారు, కొత్తమ్మాయి తప్ప. ప్రార్థన సగంలో ఉండగా చివరి పోగు ఊడింది. ఒక్క చిరుగూ లేదు.

"అయిందిగా" అంది సంచి పిన్ని మెల్లగా. "ఇక వెళ్లండి. అందరూ చూస్తున్నారు, మీకు ఇబ్బంది."

ఆయన రేకు మడిచి జేబులో పెట్టుకున్నాడు. లేవబోతున్నట్టు కొద్దిగా ముందుకి వంగాడు. వంగినవాడు ఆగాడు.

"ఎలా వెళ్లమంటావు? నేనూ అంటుకుపోయాను" అన్నాడు.

మిషన్‌లో ఈ భాగం బజారులో దొరకదని చెప్పేటప్పటి గొంతు అది. సంచి పిన్ని ఆయన మొహంలోకి చూసింది. ఒళ్లోని సంచి తెరిచి పాటల పుస్తకం తీసింది. ఖాళీ సంచిని కింద కాళ్ల దగ్గర పెట్టేసింది.

చివరి పాటకి అందరూ లేచారు. మూడో వరుసలో ముగ్గురు కూర్చునే ఉన్నారు. పిన్ని ఎడమచేత్తో పుస్తకం పట్టుకుంది. కాసేపటికి మిషన్ నూనె మరక ఉన్న ఒక చెయ్యి వచ్చి రెండో అట్ట పట్టుకుంది. ఆయనకి పాటలో మాటలు రావు. రాగం ఒక అడుగు వెనకగా పడుతోంది. కాలు మాత్రం ఒక్క దెబ్బ తప్పకుండా ఆడుతోంది, ఇన్నేళ్లుగా గోడ మీద ఆడినట్టే. పక్కనుంచి కండక్టర్ మావయ్య బస్సంతా వినబడేలా పాడి, పాట ఎక్కడుందో ఆయనకి దారి చూపించాడు.

*

దీవెన అయ్యాక వడ్రంగి టర్పెంటైన్ సీసాతో వచ్చి మావయ్యని విడిపించే పనిలో పడ్డాడు. అందరూ అక్కడ మూగారు. ఆ సందడిలో గోడ బాబాయి మామూలుగా లేచాడు. చప్పుడు లేదు, సాగే పోగు లేదు. "బండి తీస్తాను" అని చెప్పి, ఎవరివైపూ చూడకుండా వెళ్లిపోయాడు.

సంచి పిన్ని అరచెయ్యి ఆ ఖాళీ చోటు మీద పెట్టింది. అలాగే ఉంచింది.

"పిన్నీ" అంది కొత్తమ్మాయి. "ఆ చోట నేను..."

"తెలుసు తల్లీ. ఇన్నేళ్లు పక్కనే కూర్చున్నదాన్ని, అది తడో పొడో నాకు తెలియదా?" ఆవిడ కళ్లు మెరుస్తున్నాయి, మామగారి మెరుగులా. "ఆయనతో అనకు."

వాళ్లు బయటికి వెళ్లాక కండక్టర్ మావయ్య లేచి, ప్యాంటు వెనక పాటల పుస్తకం అడ్డం పెట్టుకుని, అలవాటుగా వరుసలు చూసుకుంటూ వచ్చాడు. మూడో వరుస దగ్గర ఆగి నీలం సంచి చూశాడు. "ఇదెవరిది" అని అడగబోయి, అడక్కుండానే రెండు చేతులతో ఎత్తాడు. చుట్టూ చూసి, రెండో నంబరు మీద సర్ది పెట్టాడు.

గేటు దగ్గర స్కూటరు స్టార్టయింది. పిన్ని వెనక కూర్చుంది. కొత్తమ్మాయి, వడ్రంగి సాగనంపడానికి వచ్చారు.

"ఏమ్మా, ఆ బెంచీ ఆరడానికి ఎన్నాళ్లు పడుతుంది?" అని అడిగాడు గోడ బాబాయి, అద్దం సర్దుకుంటూ.

"ఎంతో కాదు బాబాయ్, రెండు రోజులు ఎండ..." అని వడ్రంగి నిజాయితీగా మొదలుపెట్టాడు. కొత్తమ్మాయి అతని కాలు తొక్కింది.

"చెప్పలేం బాబాయ్. వానాకాలం కదా. వచ్చే వారం కూడా అంటుకుంటుందేమో."

ఆయన తలూపాడు. "తొందరేం లేదు. నిదానంగా ఆరనీ" అన్నాడు.

బండి కదిలాక కొత్తమ్మాయికి గుర్తొచ్చింది. "పిన్నీ, మీ సంచి" అని కేకేసింది.

పిన్ని వెనక్కి తిరగలేదు. ఒళ్లో ఏమీ లేని ఆ రెండు చేతులతో ముందున్న నడుం పట్టుకుని ఉంది. ఒక చెయ్యి మాత్రం తీసి, ఉండనీలే అన్నట్టు గాలిలో ఊపి, మళ్లీ అక్కడే పెట్టేసుకుంది.